8128 తర్వాత 3,35,50,336 వరకు ఒక్క పరిపూర్ణ సంఖ్య కూడా ఎందుకు లేదు?

ప్రశ్న: గణిత ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. డిసెంబర్ 22న జాతీయ గణిత దినోత్సవం సందర్భంగా మా తొమ్మిదో తరగతి పిల్లలు గోడపత్రిక తయారు చేస్తున్నారు. ఒక్కో జట్టు ఒక్కో సంఖ్యను ఎంచుకొని దాని గురించి తాము స్వయంగా సరిచూసుకున్న విషయాలే రాయాలన్నది మేము పెట్టుకున్న నియమం. 1729ని మొదటి జట్టే తీసుకుంది. రెండో జట్టు పరిపూర్ణ సంఖ్యలను, అంటే తనను మినహాయించి మిగిలిన కారణాంకాలన్నిటినీ కూడితే మళ్లీ తానే వచ్చే సంఖ్యలను తీసుకుంది. 6, 28, 496, 8128 అనే నాలుగింటినీ పిల్లలు కారణాంకాలు కూడి సరిచూసుకున్నారు.

ఆ జట్టులో ఒక అమ్మాయి ఈ నాలుగింటినీ 2 × 3, 4 × 7, 16 × 31, 64 × 127 అని విడగొట్టి, ప్రతిచోటా రెండో సంఖ్య మొదటిదాని రెట్టింపుకు ఒకటి తక్కువగా ఉందని ఎవరూ చెప్పకుండానే గమనించింది. 4, 16, 64 తర్వాత 256 రావాలి కాబట్టి 256 × 511, అంటే 1,30,816 ఐదో పరిపూర్ణ సంఖ్య కావాలని బల్ల మీద రాసింది. కారణాంకాలు కూడి చూస్తే 1,71,696 వచ్చింది. మధ్యలో వదిలేసిన 512తోనూ, ఆ తర్వాతి 1024తోనూ ప్రయత్నించినా కుదరలేదు. చివరికి నేనే ఇంటి దగ్గర కూర్చుని 4096 × 8191 దాకా వెళితే మూడు కోట్ల ముప్పై ఐదు లక్షల యాభై వేల మూడు వందల ముప్పై ఆరు దగ్గర లెక్క సరిపోయింది.

ఇప్పుడు ఆ జట్టు 3,35,50,336నే తమ సంఖ్యగా ఎంచుకుంది. ఇంత పెద్ద సంఖ్య పరిపూర్ణమేనని యంత్రం సాయం లేకుండా పిల్లల ముందు ఎలా నిరూపించాలన్నది నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. నాలుగంకెల సంఖ్య నుంచి ఒక్కసారిగా ఎనిమిదంకెల సంఖ్యకు దూకడానికి కారణమేమిటని ఆ అమ్మాయి రోజూ అడుగుతోంది. దీనితోపాటు ఈ సంఖ్య ఇంకా ఏ ఏ తరగతులకు చెందుతుందో తెలిస్తే రాయగలరు. పరిపూర్ణ సంఖ్యలు అంకెల పొడవుకు ఒక్కటి చొప్పున ఉంటాయనీ, వాటి చివరి అంకెలు 6, 8, 6, 8 అని మారుతూ వస్తాయనీ నా పాత నోట్సులో రాసుకున్నాను. మొదటి మాట తప్పని ఇప్పుడు అర్థమైంది, కానీ రెండోదాన్ని గోడపత్రికలో రాయవచ్చా?


సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, మీ విద్యార్థిని పట్టుకున్న పోలిక సరైనదే. ఆమెకు కుదరకపోవడానికి కారణం పోలికలో లోపం కాదు, అందులో దాగి ఉన్న ఒక షరతు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ నిరూపించిన విషయం ఇది: 1తో మొదలుపెట్టి ప్రతిసారీ రెట్టింపు చేస్తూ కూడుకుంటూ పోయినప్పుడు వచ్చిన మొత్తం ప్రధాన సంఖ్య అయితే, ఆ మొత్తాన్ని చివరగా కూడిన పదంతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. 3, 7, 31, 127 ప్రధాన సంఖ్యలు. 511 మాత్రం 7 × 73 కాబట్టి అక్కడ మెట్టు విరిగింది.

మీ మొదటి ప్రశ్నకు నల్లబల్ల మీద రెండు వరుసలు చాలు. 4096 అంటే 2¹². 8191 ప్రధాన సంఖ్య అని ప్రస్తుతానికి ఒప్పుకుంటే, 3,35,50,336 కారణాంకాలలో 8191 ఉండాలి లేదా ఉండకూడదు, అంతకు మించి మరో దారి లేదు. 8191 లేనివి 1, 2, 4, 8 అంటూ 4096 వరకు 13 సంఖ్యలు, వాటి మొత్తం సరిగ్గా 8191. 8191 ఉన్నవి 8191, 16,382, 32,764 అంటూ రెట్టింపవుతూ 1,67,75,168 వరకు 12 సంఖ్యలు, పదమూడోది అసలు సంఖ్యే కాబట్టి దాన్ని వదిలేయాలి. ఆ పన్నెండింటి మొత్తం 8191 × (1 + 2 + 4 + … + 2048), అంటే 8191 × 4095. మొదటి వరుస ఇచ్చిన ఒక్క 8191ని దీనికి కలిపితే 8191 × 4096 అవుతుంది. మొదటి వరుస మొత్తం రెండో వరుసలో తక్కువైన ఆ ఒక్క 8191ని సరిగ్గా పూరించడమే ఈ నిరూపణలోని అందం. పిల్లలు దీన్ని ముందు 28తో, తర్వాత 496తో చేసి చూస్తే ఎనిమిదంకెల సంఖ్య దగ్గర భయపడరు.

ఇక మిగిలింది 8191 ప్రధాన సంఖ్య అవునా కాదా అన్నది. 91 వర్గం 8281 కాబట్టి మామూలు పద్ధతిలో 90 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. అయితే ఫెర్మా చిన్న సిద్ధాంతం ఈ శ్రమను రెండు భాగహారాలకు తగ్గిస్తుంది. ఒక ప్రధాన సంఖ్య 2¹³ − 1ని నిశ్శేషంగా భాగిస్తుందనుకుందాం. అప్పుడు ఆ ప్రధాన సంఖ్యతో 2¹³ని భాగిస్తే శేషం 1. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం ఆ ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువైన ఘాతానికి 2ని హెచ్చించి భాగించినా శేషం 1. 2 ఘాతాలలో మొట్టమొదట శేషం 1 ఇచ్చే ఘాతాంకం ఈ రెండు ఘాతాంకాలనూ భాగించి తీరాలి. 13 ప్రధాన సంఖ్య కాబట్టి, మొదటి ఘాతానికే శేషం 1 రాదు కాబట్టి, ఆ ఘాతాంకం 13 మాత్రమే కాగలదు. అంటే మనం ఊహించిన ప్రధాన సంఖ్య 13 గుణిజం కంటే ఒకటి ఎక్కువ, బేసి సంఖ్య కూడా కాబట్టి 26 గుణిజం కంటే ఒకటి ఎక్కువ. 90 లోపు అలాంటివి 27, 53, 79 మాత్రమే, వాటిలో 27 ప్రధాన సంఖ్యే కాదు. 8191ని 53తో భాగిస్తే 29, 79తో భాగిస్తే 54 శేషంగా మిగులుతాయి. అంతటితో 8191 ప్రధాన సంఖ్య అని తేలిపోయింది.

పెద్ద దూకుడుకు కారణం కూడా ఇక్కడే ఉంది. ఘాతాంకం సంయుక్త సంఖ్య అయితే 2 ఘాతం నుంచి 1 తీసివేసిన ఫలితం ఎప్పుడూ సంయుక్తమే. ఉదాహరణకు 2⁹ − 1ని (2³)³ − 1 అని రాస్తే 2³ − 1, అంటే 7 దానికి కారణాంకమని కనిపిస్తుంది. కాబట్టి 7 తర్వాత 8, 9, 10 పనికిరావు. 11 ప్రధాన సంఖ్య కాబట్టి అక్కడ ఆశ ఉంటుంది, కానీ 2¹¹ − 1 = 2047 = 23 × 89. పైన చెప్పిన పద్ధతిలో 22 గుణిజానికి ఒకటి కలిపి వెతికితే మొదటి అభ్యర్థి 23 దగ్గరే అది విరిగిపోతుంది. 12 ఎలాగూ కాదు. అలా 13 దాకా రావలసి వచ్చింది. ఘాతాంకం 7 నుంచి 13కి పెరిగితే సంఖ్య దాదాపు 4¹³⁻⁷ రెట్లు, అంటే నాలుగు వేల రెట్లకు పైగా పెరుగుతుంది. మీ అమ్మాయి అడిగిన దూకుడు ఇదే.

అయితే మధ్యలో ఈ రూపంలో లేని పరిపూర్ణ సంఖ్య ఏదైనా ఉండవచ్చు కదా అని చురుకైన పిల్లలు తప్పకుండా అడుగుతారు. సరి సంఖ్యలలో అది సాధ్యం కాదని 18వ శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు. ఆ వాదనను మీ సంఖ్య మీదే చూపుతాను. ఏదో ఒక పరిపూర్ణ సంఖ్యలో 2 పన్నెండు సార్లు మాత్రమే కారణాంకంగా ఉందని, మిగిలిన బేసి భాగం ఏమిటో మనకు తెలియదని అనుకోండి. ఆ సంఖ్య కారణాంకాలన్నీ 4096 కారణాంకాలను బేసి భాగపు కారణాంకాలతో గుణించగా వచ్చేవే కాబట్టి, మొత్తం కారణాంకాల మొత్తం 8191 × (బేసి భాగపు కారణాంకాల మొత్తం). పరిపూర్ణ సంఖ్య కాబట్టి ఇది సంఖ్యకు రెట్టింపు, అంటే 8192 × బేసి భాగం. 8191కి, 8192కి ఉమ్మడి కారణాంకం 1 తప్ప ఏదీ లేదు కాబట్టి బేసి భాగం 8191కి గుణిజం కావాలి. అది ఎన్ని రెట్లో ఆ సంఖ్యను గుణకం అందాం. అప్పుడు బేసి భాగపు కారణాంకాల మొత్తం 8192 × గుణకం, అంటే బేసి భాగం, గుణకం ఈ రెండింటి మొత్తానికి సమానం. ఈ రెండూ బేసి భాగానికి కారణాంకాలే. ఆ రెండింటితోనే మొత్తం సరిపోయిందంటే మూడో కారణాంకానికి చోటు లేదు. కాబట్టి గుణకం 1, బేసి భాగం 8191. ఈ వాదనలో 13 స్థానంలో ఏ ఘాతాంకం పెట్టినా ఇదే జరుగుతుంది. ఇంత పొట్టిగా, ఇంత బలంగా ఉండే నిరూపణలు గణితంలో కూడా తక్కువే.

బేసి పరిపూర్ణ సంఖ్య ఉందో లేదో మాత్రం ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఉంటే అది 10¹⁵⁰⁰ కంటే పెద్దదై ఉండాలని 2012లో ఓషెమ్, రావ్ అనే ఇద్దరు గణితజ్ఞులు నిరూపించారు. కాబట్టి 8128కీ 3,35,50,336కీ మధ్య ఏ పరిపూర్ణ సంఖ్యా లేదని మీ పిల్లలు నిస్సందేహంగా రాయవచ్చు.


సమాధానం: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

మాస్టారు చెప్పిన దానికి కంప్యూటర్ వైపు నుంచి రెండు విషయాలు చేర్చాలనిపించింది. మొదటిది, ఈ సంఖ్యను ద్విసంఖ్యామానంలో రాసి చూడండి: 1111111111111000000000000. పదమూడు ఒకట్లు, వాటి వెనుక పన్నెండు సున్నాలు, మొత్తం 25 స్థానాలు. 6 అంటే 110, 28 అంటే 11100, 496 అంటే 111110000. సరి పరిపూర్ణ సంఖ్యలన్నిటిదీ ఇదే ఆకారం. ఒకట్ల సంఖ్య ప్రధాన సంఖ్య అవుతుంది, సున్నాలు దానికంటే ఒకటి తక్కువ ఉంటాయి. దశాంశ పద్ధతిలో 3,35,50,336 ఏ పొందికా లేని అంకెల గుంపులా కనిపిస్తుంది, కానీ రెండు అంకెల లిపిలో రాస్తే దాని నిర్మాణం కంటికి కనబడుతుంది. గోడపత్రికలో ఈ నాలుగైదు సంఖ్యలనూ ఒకదాని కింద ఒకటి ఇలా రాయిస్తే బాగుంటుందని నా మనవి.

రెండోది, 2¹³ − 1 లాంటి సంఖ్యలు ప్రధానాలో కాదో తేల్చడానికి లూకాస్-లేమర్ పరీక్ష అనే ప్రత్యేక పద్ధతి ఉంది. దీనికి మూలమైన పద్ధతితోనే ఎడ్వర్డ్ లూకాస్ 1876లో 39 అంకెల 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని కంప్యూటర్లు లేని కాలంలో తేల్చాడు. పద్ధతి చాలా సులువు. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి, 2 తీసివేసి, 8191తో భాగించి శేషాన్ని మాత్రమే ఉంచుకోవాలి. ఘాతాంకం 13 కాబట్టి దానికి రెండు తక్కువగా 11 సార్లు ఇలా చేయాలి. చివర సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. నేను కాగితం మీద చేస్తే వచ్చిన వరుస ఇది: 4, 14, 194, 4870, 3953, 5970, 1857, 36, 1294, 3470, 128, 0. చివరి అడుగులో 128 వర్గం 16,384, అందులోంచి 2 తీస్తే 16,382, అది సరిగ్గా 8191కి రెట్టింపు.

8191తో భాగించడం కూడా కష్టం కాదు. 9తో భాగిస్తే వచ్చే శేషం కోసం మనం అంకెలను కూడినట్టే, ఇక్కడ 8192తో భాగించగా వచ్చిన భాగఫలాన్ని, శేషాన్ని కూడితే చాలు. 194 వర్గం నుంచి 2 తీస్తే 37,634 వస్తుంది. అందులో 8192 నాలుగు సార్లు పోగా 4866 మిగులుతుంది. 4866కి 4 కలిపితే 4870. కంప్యూటర్లకు 2 ఘాతాలతో భాగించడమంటే స్థానాలు జరపడమే కాబట్టి, ఇలాంటి సంఖ్యలను అవి మిగతా పెద్ద సంఖ్యలకంటే ఎంతో వేగంగా పరీక్షించగలవు. అతి పెద్ద ప్రధాన సంఖ్యల రికార్డులు తరచుగా ఈ రూపంలోని సంఖ్యలకే దక్కడానికి కారణం ఇదే. 1996లో మొదలైన గింప్స్ అనే సామూహిక అన్వేషణలో 2024 అక్టోబరులో ల్యూక్ డ్యూరాంట్ కనుగొన్న ప్రధాన సంఖ్యలో 2 ఘాతాంకం 13,62,79,841. ఆ సంఖ్యను పూర్తిగా రాస్తే 4,10,24,320 అంకెలు వస్తాయి. దాని నుంచి పుట్టే పరిపూర్ణ సంఖ్యతో కలిపి అప్పటికి తెలిసిన పరిపూర్ణ సంఖ్యలు 52 అయ్యాయి. మీ పిల్లల సంఖ్య ఆ జాబితాలో ఐదోది.


సమాధానం: సంఖ్యా సిద్ధాంతం చదువుతున్న పరిశోధక విద్యార్థి

టీచర్ గారూ, దయచేసి 6, 8, 6, 8 అన్న మాటను గోడపత్రికలో రాయించకండి. ఈ రెండు నమ్మకాలూ క్రీస్తుశకం 100 ప్రాంతంలో నికోమాకస్ రాసినవి. ఆయన చేతిలో ఉన్నవి 6, 28, 496, 8128 నాలుగే. ఒకట్లలో ఒకటి, పదులలో ఒకటి, వందలలో ఒకటి, వేలలో ఒకటి ఉండటం చూసి అదే నియమమని ఆయన భావించాడు, తర్వాత శతాబ్దాల పాటు చాలామంది అదే రాస్తూ వచ్చారు. ఐదో సంఖ్య పొడవు గురించిన నమ్మకాన్ని కూల్చింది, ఆరో సంఖ్య చివరి అంకెల గురించిన నమ్మకాన్ని కూల్చింది. ఆరోది 8,58,98,69,056. ఐదోదీ 6తోనే ముగుస్తుంది, ఆరోదీ 6తోనే ముగుస్తుంది.

చివరి అంకె 6 లేదా 8 మాత్రమే అవుతుందన్నంతవరకు నిజం, దానికి కారణం కూడా చెప్పవచ్చు. ఘాతాంకాన్ని 4తో భాగిస్తే శేషం 1 వచ్చినప్పుడు మొదటి గుణకం 6తో, రెండోది 1తో ముగుస్తాయి కాబట్టి లబ్ధం 6తో ముగుస్తుంది. శేషం 3 వస్తే మొదటిది 4తో, రెండోది 7తో ముగుస్తాయి కాబట్టి లబ్ధం 8తో ముగుస్తుంది. 13, 17 రెండూ 4తో భాగిస్తే 1 శేషంగా ఇచ్చేవే, అందుకే వరుసగా రెండు 6లు వచ్చాయి. తర్వాతి ఘాతాంకాలు 19, 31 రెండూ 3 శేషంగా ఇస్తాయి కాబట్టి ఏడోదీ ఎనిమిదోదీ 8తో ముగుస్తాయి.

చరిత్ర గురించి ఒక్క మాట. 3,35,50,336ని 13వ శతాబ్దంలోనే ఈజిప్టుకు చెందిన ఇబ్న్ ఫల్లూస్ తన జాబితాలో రాశాడు. ఆరు, ఏడో పరిపూర్ణ సంఖ్యలు కూడా అందులో ఉన్నాయి, కొన్ని తప్పు సంఖ్యలతోపాటు. ఐరోపాలో ఇది 15వ శతాబ్దం మధ్యలో పేరు తెలియని ఒకరి రాతప్రతిలో కనిపిస్తుంది. 1536లో హుడాల్రికస్ రీజియస్ 2047ని 23 × 89గా విడగొట్టి, 8191 ప్రధానమని చెప్పి, ఐదో స్థానాన్ని దీనికి స్పష్టంగా ఇచ్చాడు. మీ అమ్మాయి 1024 దగ్గర ఆగిపోయిన చోటే ఆయన పని మొదలైంది.

ఇక ఏ ఏ తరగతులన్న ప్రశ్నకు వస్తాను. పేర్ల జాబితా తయారు చేయడం తేలిక, కానీ ఈ లక్షణాలలో ఎక్కువ భాగం 4096 × 8191 అన్న ఒక్క విభజన నుంచే పుడతాయని పిల్లలకు చూపించడం అంతకంటే విలువైనదని నా అభిప్రాయం. 8191 × 8192ని సగం చేస్తే ఇదే వస్తుంది కాబట్టి ఇది 1 నుంచి 8191 వరకు ఉన్న సంఖ్యల మొత్తం, అంటే 8191వ త్రిభుజ సంఖ్య. ఒక సంఖ్యను దాని రెట్టింపుకు ఒకటి తక్కువైన దానితో గుణిస్తే వచ్చేది షడ్భుజ సంఖ్య కాబట్టి ఇది 4096వ షడ్భుజ సంఖ్య కూడా. 4096 అంటే 64 వర్గం. మొదటి కొన్ని బేసి సంఖ్యల ఘనాల మొత్తానికి ఉన్న సూత్రం ప్రకారం, పదాల సంఖ్య వర్గాన్ని, ఆ వర్గానికి రెట్టింపులో ఒకటి తక్కువైన దానితో గుణించాలి. పదాలు 64 అయితే అది సరిగ్గా 4096 × 8191 అవుతుంది. కాబట్టి 1³ + 3³ + 5³ + … + 127³ = 3,35,50,336. పరిపూర్ణ సంఖ్యలలో 6కి తప్ప మిగతా సరి సంఖ్యలన్నిటికీ ఇలాంటి మొత్తం ఉంటుంది. 28 = 1 + 27 అన్నది పిల్లలు నోటితోనే చెప్పగలరు.

కారణాంకాల వ్యుత్క్రమాలను కూడితే 2 వస్తుంది. కారణాంకాలు 26 కాబట్టి వాటి హరాత్మక మధ్యమం 26ని 2తో భాగించగా వచ్చే 13, ఒక పూర్ణాంకం. కారణాంకాల హరాత్మక మధ్యమం పూర్ణాంకమయ్యే సంఖ్యలను ఆయిస్టీన్ ఓర్ 1948లో ప్రత్యేకంగా పరిశీలించాడు, కాబట్టి వాటికి ఓర్ సంఖ్యలని పేరు. పరిపూర్ణ సంఖ్యలన్నీ ఆ తరగతిలోకి వస్తాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన లక్షణం మాత్రం వర్గాలకు సంబంధించినది. ఏ ధన పూర్ణాంకాన్నయినా నాలుగు లేదా అంతకంటే తక్కువ వర్గాల మొత్తంగా రాయవచ్చని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. మూడు వర్గాలు సరిపోని సంఖ్యలేవో లజాండ్రు 1798లో తేల్చాడు: 4తో ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు భాగించగా మిగిలినదాన్ని 8తో భాగిస్తే శేషం 7 వచ్చే సంఖ్యలు మాత్రమే అవి. మన సంఖ్యను 4తో ఆరుసార్లు భాగిస్తే 8191 మిగులుతుంది, దాన్ని 8తో భాగిస్తే శేషం 7. కాబట్టి దీనికి నాలుగు వర్గాలు తప్పనిసరి. 8191 = 90² + 9² + 3² + 1² కాబట్టి ఒక్కొక్కదాన్ని 64తో గుణిస్తే

3,35,50,336 = 5760² + 576² + 192² + 64²

అని వస్తుంది. 28 కూడా, 496 కూడా ఇలా నాలుగు వర్గాలు కావలసినవే. 6కి మాత్రం 4 + 1 + 1 అని మూడు చాలు. సరి పరిపూర్ణ సంఖ్యలలో ఆ వెసులుబాటు 6 ఒక్కదానికే ఉంది.


ప్రశ్న అడిగినవారు: గణిత ఉపాధ్యాయిని

మాస్టారికీ, మిగిలిన ఇద్దరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న తరగతిలో రెండు వరుసల నిరూపణ చెప్పాను. రెండో వరుసలో ఒక 8191 తక్కువైందని పిల్లలే కనిపెట్టి, అది మొదటి వరుసలో ఉందని వాళ్లే అరిచి చెప్పారు. 53తోనూ 79తోనూ భాగించడం వెనుక బెంచీల వాళ్లకు అప్పగించాను. ఫెర్మా సిద్ధాంతం తొమ్మిదో తరగతికి బరువే అయినా, 2, 4, 8, 16 లను 7తో భాగిస్తే శేషాలు 2, 4, 1, 2 అంటూ తిరిగి తిరిగి రావడం చూపిస్తే కారణం చాలావరకు అర్థమైంది. ఘనాల మొత్తాన్ని ఇద్దరు పిల్లలు 127³ వరకు ఓపికగా కూడి తీసుకొచ్చారు. ఒకచోట కూడికలో పొరపాటు దొర్లితే మళ్లీ మొదటి నుంచి చేశారు.

ఈలోగా ఇంకో అబ్బాయి 3 + 3 + 5 + 5 + 0 + 3 + 3 + 6 = 28 అని చూపించి, పరిపూర్ణ సంఖ్య అంకెల మొత్తం మళ్లీ పరిపూర్ణ సంఖ్యే అయిందని ఎంతో ఆనందపడ్డాడు. 28 అంకెలను కూడితే 10, మళ్లీ కూడితే 1. 496కీ 8128కీ కూడా చివరికి 1 వస్తోంది. ఇది యాదృచ్ఛికమా, లేక దీనికీ కారణం ఉందా? అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగించబడే సంఖ్యలను హర్షద్ సంఖ్యలంటారని వాడు ఎక్కడో చదివాడట, ఈ సంఖ్య ఆ తరగతిలోకి వస్తుందా అని కూడా అడుగుతున్నాడు.


సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, చివరికి 1 రావడానికి కారణం ఉంది. అంకెల మొత్తం 28 కావడానికి మాత్రం నాకు ఏ కారణమూ కనిపించడం లేదు. 496, 8128 రెండింటి అంకెల మొత్తమూ 19, అది పరిపూర్ణ సంఖ్య కాదు. కాబట్టి 28 రావడాన్ని ఆనందించదగిన కాకతాళీయంగా రాయించండి, నియమంగా రాయించకండి.

1 ఎందుకు వస్తుందంటే, ఘాతాంకం బేసి సంఖ్య అయినప్పుడు మొదటి గుణకం 4 యొక్క ఘాతం అవుతుంది. 4 ఘాతాలన్నీ 3తో భాగిస్తే 1 శేషంగా ఇస్తాయి. మన సంఖ్యలో 4096 = 3 × 1365 + 1. రెండో గుణకం దాని రెట్టింపుకు ఒకటి తక్కువ కాబట్టి 8191 = 6 × 1365 + 1. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చే పదాలలో చివరి 1 తప్ప మిగతావన్నీ 9 గుణిజాలే: 18 × 1365² + 9 × 1365 + 1. 9తో భాగిస్తే శేషం 1 వచ్చే సంఖ్య అంకెలను కూడుకుంటూ పోతే చివరికి 1 రాక తప్పదు. 6 తప్ప సరి పరిపూర్ణ సంఖ్యలన్నిటికీ ఈ వాదన వర్తిస్తుంది, 1365 స్థానంలో వేరే సంఖ్య వస్తుంది, అంతే. 6కి ఘాతాంకం 2 కాబట్టి అది బయట ఉండిపోతుంది.

హర్షద్ సంఖ్యలకు ఆ పేరు పెట్టినవారు మహారాష్ట్రలోని దేవలాలిలో ఉపాధ్యాయులుగా పనిచేసిన కాప్రేకర్ గారు. బడిలో పాఠాలు చెబుతూనే అంకెల లక్షణాలను జీవితాంతం పరిశోధించిన వ్యక్తి ఆయన, మీ గోడపత్రికలో ఆయనకూ చోటివ్వండి. మన సంఖ్య మాత్రం హర్షద్ కాదు. 28తో భాగించబడాలంటే 7 కారణాంకం కావాలి, 4096 × 8191లో ఉన్న ప్రధాన కారణాంకాలు 2, 8191 రెండే. అయితే పరిపూర్ణత, త్రిభుజ సంఖ్య కావడం, నాలుగు వర్గాలు అవసరం కావడం లాంటివి సంఖ్యకు చెందిన లక్షణాలు, ఏ లిపిలో రాసినా మారవు. హర్షద్ కావడం, కాకపోవడం మనం పది అంకెలతో రాయడం వల్ల వచ్చిన లక్షణం. ఆ అబ్బాయి నిరాశపడితే ఈ లెక్క ఇవ్వండి: పదికి బదులు 8192ని ఆధారంగా తీసుకుంటే 3,35,50,336 = 4095 × 8192 + 4096, అంటే ఆ పద్ధతిలో దానికి రెండే అంకెలు, 4095, 4096. వాటి మొత్తం 8191. మన సంఖ్య దానితో నిశ్శేషంగా భాగించబడుతుంది.